జోడు విడదీయరాదు

కాలవగట్ల పరిరక్షణ శాఖ అనే ప్రభుత్వ శాఖ ఒకటుందని చాలామందికి తెలియదు. గట్లకి కూడా తెలియదనే నా అనుమానం. మేమున్నా లేకపోయినా తెగాల్సినప్పుడు అవి తెగుతాయి, నిలవాల్సినప్పుడు నిలుస్తాయి. తెగిన గట్టు ఎందుకు తెగిందో పై ఆఫీసుకి రాయడం, తెగని గట్టు ఎందుకు తెగలేదో పై ఆఫీసు అడిగితే సంజాయిషీ చెప్పుకోవడం మా పని. ఆ శాఖలో, గోగుల్లంక డివిజన్ ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు ఏకాంబరం.

నా భార్య వకుళదీ ఇదే శాఖ. కాకపోతే ఆమె నందివలస డివిజన్లో స్టోరు గుమాస్తా. గోగుల్లంక డెల్టాలో ఉంది, నందివలస రాష్ట్రానికి ఆ చివర కొండల కింద ఉంది. మధ్యలో రాత్రంతా ఒక బస్సు, తెల్లారాక ఇంకో బస్సు. శనివారం సాయంత్రం బయల్దేరి, ఆదివారం భోజనం వేళకి అందుకుని, కంచం ముందునుంచి లేస్తూనే మళ్ళీ బస్సెక్కేవాణ్ణి. మా అమ్మాయి ఆముక్త వాళ్ళమ్మ దగ్గరే ఉంటుంది. బళ్ళో వారాల పేర్లు చెప్పమంటే శుక్రవారం, శనివారం, నాన్నవారం అందట. వకుళ ఆ మాట ఫోన్లో నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఒకే ఊళ్ళో ఉంచాలని ఉత్తర్వు ఉంది. దాన్ని ఆఫీసుల్లో స్పౌజు కేసు అంటారు. మా స్పౌజు కేసు ఏళ్ళ తరబడి తిరుగుతోంది. శుభలేఖ జతపరిస్తే, అది ఆహ్వానమే గానీ పెళ్ళి జరిగిందనడానికి రుజువు కాదన్నారు. పెళ్ళి ఫొటో జతపరిస్తే, తలంబ్రాల వల్ల ముఖాలు ఆనవాలు తెలియడం లేదన్నారు. పాప పుట్టిన సర్టిఫికెట్టు జతపరిస్తే, 'వేరువేరు ఊళ్ళలో ఉండియు దంపతులు సంతానవంతులైనందున దూరము వలన ఇబ్బంది లేనట్లు విశదమగుచున్నది' అని రాశారు.

అలా ఉండగా మా శాఖకి డైరెక్టరుగా విరించిగారు వచ్చారు.

విరించిగారు చెడ్డవారు కారు. లంచం ముట్టరు, కేకలెయ్యరు. ఆయనతో చిక్కల్లా, ఏదన్నా ఒకటి నమ్మితే అందరిచేతా నమ్మించేదాకా ఊరుకోకపోవడం. ఏదో చలిప్రదేశానికి శిక్షణకి వెళ్ళి, మనిషికి మోకాళ్ళ నొప్పి, నడుం నొప్పి, నిరుత్సాహం, ఫైళ్ళు కదలకపోవడం, అన్నీ బూట్ల వల్లే వస్తాయని తెలుసుకుని వచ్చారు. ఉత్తికాళ్ళతో పరిగెత్తేవాడికి నేల సంగతి పాదం ద్వారా తెలుస్తుంది. గట్ల శాఖవాడికి నేల సంగతి తెలియాలి. కాబట్టి గట్ల శాఖవాడు ఉత్తికాళ్ళతో పరిగెత్తాలి. ఈ తర్కంలో నాకైతే లోపం కనపడలేదు.

ఉత్తర్వు వచ్చింది. 'శాఖలోని యావన్మంది సిబ్బందియు ప్రతిదినము ప్రాతఃకాలమున కాలువగట్టుపై నగ్నపాద ధావనము గావించి, గావించినట్లు నివేదిక సమర్పించవలెను.'

మా సూపర్నెంటు కేశవదాసుగారు దాన్ని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. మా ఆఫీసులో ఏ ఉత్తర్వుకైనా ఆయన చెప్పిందే అర్థం.

"ధావనం అంటే ఏంటి సార్?" అనడిగాను.

"దంతధావనం తెలీదుటయ్యా నీకు? పొద్దున్నే చేస్తావా, చెయ్యవా?"

"చేస్తాను సార్."

"అది పళ్ళు తోముకోవడం. ఇది కాళ్ళు తోముకోవడం. నగ్నపాద ధావనం, అంటే చెప్పులు విప్పి మరీ తోముకోవాలి. చెప్పులతో కడుక్కునేవాళ్ళు కూడా ఉంటారని ముందుచూపుతో రాశారు. గొప్ప డ్రాఫ్టింగు."

మర్నాడు పొద్దున్నే ఆఫీసు మొత్తం బకెట్లతో, చెంబులతో కాలవగట్టు మీదికి చేరింది. ఆడవాళ్ళు పసుపు తెచ్చుకున్నారు. కేశవదాసుగారు పక్కన నిలబడి, మడమలు సరిగ్గా రుద్దనివాళ్ళచేత మళ్ళీ రుద్దించారు. కాలవనీళ్ళు ఆపే లాకుల దగ్గర చేపలు పట్టేవాళ్ళు పని మానేసి మమ్మల్ని చూశారు. 'సిబ్బంది యావన్మందియు మడమలతో సహా ధావనము గావించిరి' అని నివేదిక పోయింది. వారం తిరక్కుండా పై నుంచి మెమో వచ్చింది. 'ధావనము అనగా పరుగు. కడుగుట కాదు.'

కేశవదాసుగారు చలించలేదు. "ఆ మాటకి రెండర్థాలూ ఉన్నాయి. మొదటిది అమలు చేశాం. ఇప్పుడు రెండోది అమలు చేస్తాం" అన్నారు.

మెమో కింద ఇంకో వాక్యం ఉంది. ఈ ఏటి బదిలీలకి ధావనంలో చూపిన ప్రతిభే ప్రాతిపదిక. ఆ వాక్యం చదివాక నాకు ఆఫీసులో ఇంకేం వినపడలేదు. శుభలేఖ చెయ్యలేని పని కాళ్ళు చేస్తాయంటే, అరికాళ్ళు అరిగి మోకాళ్ళ దాకా వచ్చినా సరే పరిగెడతాననుకున్నాను.

అప్పటిదాకా బస్సు వెనకాల తప్ప నేనెప్పుడూ పరిగెత్తలేదు. ఆ మొదటిరోజు నా పక్కన నిలబడ్డది వీరభద్రంగారు. ఆయన డ్రాఫ్ట్స్‌మన్, కోనసీమ మనిషి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డారు, మంచి పొట్ట ఉంది. పై నుంచి వచ్చిన సూచనల కాగితం కేశవదాసుగారు చదువుతున్నారు. చిన్న చిన్న అడుగులు వెయ్యాలి. ముందరి పాదం ముందు ఆనాలి. మడమ నేలని పలకరించాలి గానీ గుద్దకూడదు.

"ఏవండీ ఏకాంబరంగారూ," అన్నారు వీరభద్రంగారు చిన్నగా, "మడమ దించొద్దంటున్నారు గదండీ. మరి ఈ బరువంతా ఎక్కడెట్టుకోమంటారండీ?"

"వేళ్ళ మీద పెట్టుకోవాలటండీ."

"ఆయ్. వేళ్ళని అడిగారాండీ?"

లాకుల దాకా పరుగు. సగం దూరం వెళ్ళేసరికి నాకు ఆయాసం, గుండెదడ, దాహం, వైరాగ్యం ఒకేసారి వచ్చాయి. అయినా ఆగలేదు. దేక్కుంటూ వెళ్ళి లాకుల గోడ ముట్టుకుని తిరిగొచ్చాను. మర్నాడు లేచేసరికి పిక్కలు రాళ్ళయ్యాయి. ఆఫీసు మెట్లు ఎక్కడం ఎలాగో ఎక్కాను గానీ దిగడం నా వల్ల కాలేదు. చివరికి వెనక్కి తిరిగి, మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, నిచ్చెన దిగినట్టు దిగాను. చూస్తే అందరూ అలాగే దిగుతున్నారు. పనిమీద వచ్చిన రైతులు ఇది ఇంకో పథకమేమో అనుకుని వాళ్ళూ వెనక్కి తిరిగి దిగారు.

అయ్యప్పమాలలో ఉన్న స్వాములు మాత్రం నవ్వుకుంటూ పరిగెత్తారు. వాళ్ళని 'ఇదివరకే అమలులో యున్నవారు' అని నివేదికలో చూపించాం.

నిజం చెప్పాలి. కొన్నాళ్ళకి నాకది బాగుండటం మొదలైంది. పొద్దుటిపూట గట్టుమీద గడ్డి తడిగా ఉంటుంది. కాలవ పక్కన బురద చల్లగా, మెత్తగా వేళ్ళ మధ్యకి వస్తుంది. ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ గుల్లగా ఉందో నిజంగానే పాదానికి తెలుస్తుంది. అడుగు చప్పుడు లేకుండా పడినరోజున ఒళ్ళు తేలిగ్గా ఉండేది. డైరెక్టరుగారు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఇష్టమైనవాడు ఇష్టమైనప్పుడు చేసుకునే పనిని ఉత్తర్వు చెయ్యడమే ఆయన చేసిన తప్పు.

ఆ తప్పుకి పల్లేరుకాయలు కూడా తోడయ్యాయి. ఎండలు ముదిరేసరికి గట్టంతా అవే. దానికి తోడు తుమ్మముళ్ళు, సీసాపెంకులు. సగం ఆఫీసు కుంటుతూ సెలవు పెట్టింది. యూనియన్ వాళ్ళు ముల్లు భత్యం ఇవ్వాలని ధర్నా చేశారు, అదీ కూర్చుని, ఎందుకంటే నిలబడలేరు. అప్పుడు పై నుంచి రెండో ఉత్తర్వు దిగింది. 'ధావన సమయమున సిబ్బంది విధిగా కనిష్ఠ పాదరక్షలు ధరించవలెను.'

పట్నాల్లో పరుగులు తీసేవాళ్ళు వేసుకునే పల్చటి జోళ్ళట అవి. అడుగున రబ్బరు ఉందా లేదా అన్నట్టుంటుంది, ఉత్తికాలితో పరిగెత్తినట్టే ఉంటుంది, ముల్లు మాత్రం దిగదు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మొదటి ఉత్తర్వుని రద్దు చేస్తున్నట్టు ఎక్కడా రాయలేదు.

కేశవదాసుగారు రెండు ఉత్తర్వులూ పక్కపక్కన పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నారు.

"మొదటిది అమల్లో ఉంది. కాలు నగ్నంగా ఉండాలి. రెండోదీ అమల్లో ఉంది. కాలికి పాదరక్ష ఉండాలి. పై వాళ్ళకి పరస్పర విరుద్ధంగా రాసే అధికారం ఉంది గానీ, విరుద్ధంగా ఉందనే అధికారం మనకి లేదు" అన్నారు.

"మరెలా సార్?"

"కనిష్ఠ అంటే ఎంత తక్కువ వీలైతే అంత తక్కువ. పాదరక్షల్లో అన్నిటికన్నా తక్కువ సంఖ్య ఎంతయ్యా?"

"ఒకటి సార్."

"అదీ లెక్క. ఒక కాలికి పాదరక్ష, ఒక కాలు నగ్నం. రెండు ఉత్తర్వులూ అమలైపోతాయి."

ముందుజాగ్రత్తకి పై ఆఫీసుని వివరణ అడిగారు. 'ఉభయ ఉత్తర్వులును తు.చ. తప్పక అమలుపరచవలెను' అని జవాబు వచ్చింది. కేశవదాసుగారు దాన్ని మాకు చదివి వినిపించి, ఆ పూట ఇంటికి రిక్షాలో కాకుండా నడిచి వెళ్ళారు. అంత సంతోషం.

ఇద్దరికి ఒక జోడు చొప్పున పురమాయించారు. ఎవరి సైజు వాళ్ళకి రాస్తే పక్షపాతం అవుతుందని ఆఫీసులో అందరి పాదాలూ కొలిచి, సగటు తీసి, ఒకే సైజు తెప్పించారు. అది ఎవరికీ సరిపోలేదు. వేళ్ళకి విడివిడిగా అరలున్నాయి, చేతి తొడుగు కాలికి వేసుకున్నట్టుంది.

వీరభద్రంగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది జోడాండీ, మేజోడాండీ?"

సీనియారిటీ ప్రకారం కుడిది ఆయనకి, ఎడమది నాకు వచ్చాయి. జోడుగా వచ్చిన ప్రభుత్వ సొత్తు జోడుగానే ఉండాలి గనక ఇద్దరమూ ఎప్పుడూ పక్కపక్కనే పరిగెత్తాలన్నారు. నేను ఎడమవైపు, ఆయన కుడివైపు. జోళ్ళున్న కాళ్ళు బయటి వైపు, ఉత్తికాళ్ళు లోపలి వైపు. ఒక కాలు ఎత్తుగా, ఒక కాలు పల్లంగా పడుతూ, ఇద్దరం ఒకరి భుజం ఒకరం పట్టుకుని లాకుల దాకా పోయేవాళ్ళం. దారిపొడుగునా ఆయన వాళ్ళ చెల్లెలి కొడుకు పెళ్ళిసంబంధాలు చెప్పేవారు. ఊపిరాడక నేను ఊఁ కొట్టలేకపోతే నొచ్చుకునేవారు. కానీ మనిషి బంగారం. నా ఉత్తికాల్లో ముల్లు దిగితే, వంగలేని మనిషి గట్టుమీద చతికిలబడి పిన్నీసుతో తీసేవారు.

"మీ కాలు బాగుండాలండీ. నేనెలాగూ ఇంటికెళ్ళిపోతాను. మీరు మీ ఆవిడ దగ్గరికెళ్ళాలి" అనేవారు.

వేసవి చివర్లో విరించిగారు తనిఖీకి వచ్చారు. తెల్లని దుస్తులు, ఉత్తికాళ్ళు. కారు దిగి గట్టుమీద కళ్ళు మూసుకుని కాసేపు నిలబడ్డారు. నేల ఫీడ్‌బ్యాక్ ఇస్తోందని పక్కనున్న ఇంజనీరు మాకు సైగ చేశాడు. తర్వాత మేమంతా ఒంటిజోడుతో, జంటలు జంటలుగా, కుంటుకుంటూ ఆయన ముందునుంచి పరిగెత్తాం. అలా చెయ్యమని తానెప్పుడు చెప్పారో ఆయనకి గుర్తులేదనుకుంటాను. కానీ అధికారికి తాను చెప్పని మాట గొప్పగా అమలవుతుంటే కాదనబుద్ధి కాదు.

"అద్భుతం! ఒక పాదం ప్రకృతి, ఒక పాదం ప్రగతి. దీన్ని సంయుక్త ధావనం అందాం. రాష్ట్రమంతా అమలు చేద్దాం" అన్నారు.

అందరికన్నా ముందు లాకులు ముట్టుకుని వచ్చిన జంట మాదే. వీరభద్రంగారిని చివరి ఫర్లాంగు దాదాపు మోసుకొచ్చాను. విరించిగారు నా దగ్గరికి వచ్చి, వంగి, నా పాదం చూశారు. నాకింతకన్నా మంచి సమయం దొరకదనిపించింది.

"సార్, నా భార్య నందివలసలో పనిచేస్తోంది సార్. మన శాఖే సార్."

"గుడ్. పరిగెడుతుందా?"

"రోజూ పరిగెడుతుంది సార్."

"ముందు ఏది ఆనిస్తుంది? ముందరి పాదమా, మడమా?"

"తెలీదు సార్. నేను దగ్గర లేను సార్."

ఆయన లేచి నిలబడ్డారు. ముఖం గంభీరమైపోయింది. "భార్య అడుగు ఎలా పడుతుందో భర్తకి తెలియదా? వాట్ ఈజ్ దిస్! ఇది చాలా సీరియస్ గ్యాప్. వీళ్ళని ఇలా ఉంచకూడదు. వెంటనే ఫైలు పుటప్ చెయ్యండి."

పదిరోజుల్లో నా బదిలీ ఉత్తర్వు వచ్చింది. గోగుల్లంక నుంచి నందివలసకి. ఆ కాగితం పట్టుకుని నేను ఆఫీసు మెట్లు ముందుకి తిరిగే, రెండేసి మెట్లు చొప్పున దిగాను. వకుళకి ఫోన్ చేస్తే ఉత్తర్వు రెండుసార్లు చదివించుకుంది. తర్వాత, "పాపకి ఇప్పుడే చెప్పనా, మీరొచ్చాక చెప్పనా?" అంది.

"చెప్పేయ్. ఇక అడ్డేముంది?" అన్నాను.

గదికి వెళ్ళి సామాను సర్దేసుకున్నాను. మర్నాడు రిలీవ్ చెయ్యమని కేశవదాసుగారి ముందు నిలబడ్డాను. ఆయన ఉత్తర్వు చదివి, నిజంగానే సంతోషించి, మిఠాయి తెప్పించి, అందరికీ పంచారు. తనూ ఒకటి తిని చెయ్యి తుడుచుకుని అన్నారు, "కానీ నిన్ను రిలీవ్ చెయ్యలేనయ్యా."

"ఎందుకని సార్?"

"నీ కాలికి ఏముంది?"

చూసుకున్నాను. ఎడమజోడుంది. పొద్దున పరుగెత్తి వచ్చి విప్పలేదు.

"అది ప్రభుత్వ సొత్తు. జోడుగా వచ్చింది. జోడుగా నమోదైంది. జోడుగా వచ్చిన సొత్తులో ఒకటి ఒక డివిజన్లో, రెండోది ఇంకో డివిజన్లో ఉండటానికి వీల్లేదు. జోడు విడదీయరాదు. రూలు."

"అయితే ఇదిగో, విప్పేస్తున్నాను. ఇక్కడే ఉంచేసుకోండి సార్."

"నేనెలా తీసుకుంటాను? అరిగి పనికిరాకుండా పోతే తీసుకోవచ్చు. రిటైరైతే తీసుకోవచ్చు. చనిపోతే తీసుకోవచ్చు. బదిలీ మీద వాపసు తీసుకోవచ్చని ఎక్కడా లేదు. నువ్వు ఈ మూడింటిలో ఏదీ కావు."

"సార్, నా పెళ్ళాం బిడ్డా ఆ ఊళ్ళో, నేను ఈ ఊళ్ళో. ఇన్నేళ్ళుగా విడదీసి ఉంచారు. మమ్మల్ని విడదీయరాదని రూలు లేదా సార్?"

"ఉంది. కానీ అందులో 'వీలైనంతవరకు' అని ఉంది. ఇందులో అది లేదు" అన్నారాయన.

ఆయనకి నామీద కోపమేమీ లేదు. బాధగానే చెప్పారు. మిగిలిన మిఠాయి నా చేతిలో పెట్టారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. గట్టుమీదికి పోయి ఆ జోడుని కాలవలోకి విసిరేద్దామనుకున్నాను. వీరభద్రంగారు నా రెక్క పట్టుకుని ఆపారు.

"పారేశారనుకోండి, సొత్తు పోగొట్టారని ఎంక్వయిరీ వేస్తారండీ. అది తేలేదాకా అసలు కదలనివ్వరు. మీ అమ్మాయి పెళ్ళీడుకొచ్చేస్తదండీ. నేను ఈ నెలాఖరుకి దిగిపోతున్నాను గదండీ, అప్పుడు నాది అప్పగించేస్తాను. మీరు కూడా ఏదో ఒకటి…"

"మీది అప్పగిస్తే ఇంకొకళ్ళకి ఇస్తారు. నాకు ఇంకో జోడీ దొరుకుతాడు. అంతేగా."

"ఆయ్. అదీ నిజవేనండీ" అని ఆయన నాతోపాటు దిగులుపడ్డారు.

ఆ సాయంత్రం వకుళకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. పాపకి చెప్పేసిందట. పాప నా కోసం మంచంమీద చోటు కూడా చూపించిందట. నేను కళ్ళు తుడుచుకున్నాను. వకుళ మాత్రం ఏడవలేదు. స్టోరు గుమాస్తా కదా, వివరాలు అడగడం మొదలుపెట్టింది.

"ఆ కుడిది ఎవరి దగ్గరుంది?"

"వీరభద్రంగారి దగ్గర. నెలాఖరుకి ఆయన రిటైర్మెంటు."

"రిటైరైతే మీ ఆఫీసుకే ఇస్తారా, కేంద్ర స్టోరుకి పంపుతారా?"

"రిటైరైనవాళ్ళవి కేంద్ర స్టోరుకి పోయి, అక్కణ్ణుంచి మళ్ళీ ఇక్కడికే వస్తాయనుకుంటా. ఎందుకూ?"

"కేంద్ర స్టోరువాళ్ళు ఏ డివిజన్ ముందు అడిగితే ఆ డివిజన్‌కి ఇస్తారండీ. మా నందివలసలో ఒక కుడిజోడు తక్కువుందని నేను ఇండెంటు పెడతాను."

"తక్కువుందా?"

"నాకు తక్కువే" అంది వకుళ.

నెలాఖరున వీరభద్రంగారికి శాలువా కప్పాం. ఆయన కుడిజోడుని కడిగి, ఆరబెట్టి, తాంబూలం పళ్ళెంలో పెట్టి కేశవదాసుగారికి అప్పగించారు. "పుణ్యవుంటదండీ, ఈ పూటే పంపించెయ్యండి" అని ఆయనచేత మాట తీసుకుని మరీ వెళ్ళారు. జోడు కేంద్ర స్టోరుకి పోయింది. అక్కడ దానికోసం ముందే ఒక ఇండెంటు కాచుకుని ఉంది. ఒంటిజోడు కావాలని అడిగినవాళ్ళు రాష్ట్రంలో ఇంకెవరూ లేరు గనక పోటీ కూడా రాలేదు. శ్రీమతి వకుళ పేరిట జారీ చేసి, ఆ జారీ కాగితం నకలొకటి మా ఆఫీసుకి పంపారు.

ఆ నకలు చదివినప్పుడు కేశవదాసుగారి ముఖం చూడాలి. కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్ళీ లేచారు.

"ఏకాంబరం! జోడు విడిపోయిందయ్యా! కుడిది నందివలసలో, ఎడమది ఇక్కడ! రెండు డివిజన్లు! రేపు ఆడిట్ వస్తే నా పెన్షను ఆపేస్తారు!"

"అయ్యో, ఇప్పుడెలా సార్?" అన్నాను. ఆయన కుడిదాన్ని వెనక్కి రప్పిస్తే నా పని మొదటికొస్తుంది. రప్పించడం ఎంతసేపు, ఒక ఉత్తరం రాస్తే చాలు. కలం కూడా తీశారు.

"కుడిదాన్ని వెనక్కి పిలవాలి…" అంటూ కాగితం ముందుకి లాక్కున్నారు. నేను కుర్చీ వెనకబద్ద గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. రెండు మాటలు రాసి ఆగారు. "కాదు. అది వచ్చేలోగా ఆడిట్ వస్తే? ఎడమది ఇక్కడుంటే ఆక్షేపణ నామీద పడుతుంది. ఎడమదాన్ని కూడా అక్కడికి పంపేస్తే? జోడు పూర్తవుతుంది. అసలు మన దగ్గర జోడే ఉండదు. ఏదొచ్చినా నందివలసవాళ్ళ ఖర్మ."

"అద్భుతం సార్" అన్నాను.

"ఈ క్షణమే పంపెయ్యాలి. పార్సెల్ చెయ్యవచ్చా? కుదరదు, ధరించినవాడితోనే ఉండాలి. అయితే నువ్వూ వెళ్ళాలి. నువ్విక్కడ ఒక్క నిమిషం ఉండకూడదయ్యా. ఇంకా నిలబడ్డావేం?"

బదిలీ ఉత్తర్వు మీద నన్ను రిలీవ్ చెయ్యలేదాయన. ఇంకో కాగితం రాశారు. 'ఎడమ పాదరక్ష ఒకటి నందివలస డివిజన్‌కు బదిలీ చేయడమైనది. సదరు పాదరక్షకు తోడుగా ఏకాంబరం, సీనియర్ అసిస్టెంటును పంపడమైనది. పాదరక్ష చేరినట్లు రశీదు పంపవలెను.' బస్టాండు దాకా తనే వచ్చి, నా కాలికి జోడుందో లేదో చూసి, బస్సు ఎక్కించి వెళ్ళారు.

నందివలసలో దిగేసరికి పొద్దెక్కింది. ఎడమకాలికి జోడు, కుడికాలు ఉత్తిది, చేతిలో పెట్టె. ఆ వేషంతోనే ఆఫీసుకి వెళ్ళాను. స్టోరు గది కిటికీ వెనకాల వకుళ కూర్చుని ఉంది. పక్కనే వాళ్ళ సూపర్నెంటుగారు. ఆమె నన్ను చూసి లేవబోయి, ఆయనున్నారని కూర్చుండిపోయింది. పెదవి బిగపట్టింది. నా కాగితం తీసుకుని చివరిదాకా చదివింది.

"సొత్తు చూడకుండా రశీదు ఇవ్వకూడదండీ. విప్పండి" అంది.

విప్పి కిటికీలోంచి ఇచ్చాను. దాన్ని తిరగేసి అడుగు చూసింది. ముందరి భాగం పల్చబడిపోయి వెలుతురు కనపడుతోంది, మడమ వైపు కొత్తగానే ఉంది. వేలితో తడిమింది. తర్వాత కిటికీలోంచి కిందికి వంగి నా ఉత్తికాళ్ళు చూసింది. పగుళ్ళు, ముళ్ళు దిగిన మచ్చలు, ఇంకా మానని సీసాపెంకు గాటు. చాలాసేపు అలాగే వంగి ఉంది. సూపర్నెంటుగారు, "ఏమ్మా, అంతా సరిగ్గా ఉందా?" అనడిగారు.

"సరిగ్గానే ఉందండీ" అంది వకుళ తల ఎత్తకుండానే. కళ్ళు తుడుచుకుని, బీరువాలోంచి తన పేరిట ఉన్న కుడిజోడు తీసి, దాని పక్కన ఇది పెట్టింది. రశీదు రాసి సంతకం చేసింది. సూపర్నెంటుగారు సంతృప్తిగా తలాడించి, జోడు పూర్తయిందని పై ఆఫీసుకి రాయడానికి లోపలికి వెళ్ళారు. నా సంగతి అడగలేదు.

ఆయన వెళ్ళాక వకుళ ఆ రెండు జోళ్ళనీ గుడ్డలో చుట్టి, బీరువాలో అడుగు అరలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"అదేంటి, రేపొద్దున పరుగుకి నాకు కావాలి కదా?" అన్నాను.

"ఇంకొంచెం అరిగితే పనికిరాదని రద్దు చేస్తారండీ. జోడు రద్దయితే, దానికి తోడుగా వచ్చిన మిమ్మల్ని మళ్ళీ గోగుల్లంక పంపించేస్తారు" అంది. "రేపట్నుంచి ఇద్దరం ఉత్తికాళ్ళతోనే పరిగెడదాం."